రాతి మెట్ల మీద నాలుగు తువ్వాళ్లు

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందరాళే నాటకశాలకు వెళ్లి నలుగురికీ మంచి చోట సీట్లు ఆపాలి. ఎండ ముదరకముందే హోటలుకు తిరిగొచ్చి, భోంచేసి, ఓ కునుకు తీయాలి. సాయంత్రం చల్లబడ్డాక తాపీగా వెళ్లి ఆ సీట్లలో కూర్చోవాలి. ఇందులో ఎవరి ప్రాణానికీ ప్రమాదం లేదు, ఏ దేశపు పురాతన సంపదకూ ముప్పు లేదు. కనీసం మడత మాస్టారు అలాగే అనుకున్నారు.

మడత మాస్టారు నిజానికి మాస్టారేమీ కాదు. ఆయనకు లాండ్రీ షాపు ఉంది. ఆయన చేతిలో పడ్డ గుడ్డ మడత పడకుండా బయటికి రాదు కాబట్టి వీధిలో వాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. ఈ పరాయి దేశంలో దిగిన దగ్గర్నుంచి, గది శుభ్రం చేసే ఆవిడ రాకముందే ఆయన దుప్పట్లూ, తువ్వాళ్లూ, చివరికి కిటికీ తెరలూ మడతపెట్టి సిద్ధంగా ఉంచుతున్నారు. ఆవిడ తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికి వచ్చిన మనిషిని చూసినట్టు ఆయన్ని చూస్తోంది.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. షాపు పెట్టిన కొత్తలో ఇంటి బట్టలు కస్టమర్ల బట్టల్లో కలిసిపోయి, ఆయన పెళ్లి నాటి కోటు వేసుకుని ఇంకెవరో పెళ్లి చేసుకున్నారు. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి బట్టకూ చిన్న గుడ్డ చీటీ కుట్టి, దాని మీద చెరిగిపోని సిరాతో నంబరు వేస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు. చొక్కా కాలరు లోపల, చీర కొంగు చివర, తువ్వాలు మూల, ఎక్కడ చూసినా అదే. అత్తగారు కూతురింట్లో ఉండటానికి వచ్చిన రోజున ఆయన ఆవిడకు ముందు నంబరు ఇచ్చి, తర్వాత గది చూపించారు. ఆవిడది నలభై నాలుగు.

తువ్వాళ్లు వేసి సీట్లు ఆపుదామనగానే భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

"రెండు వేల ఏళ్ల నాటి మెట్లండీ అవి. వాటి మీద తువ్వాలు వేసి సీటు ఆపుతారా ఎవరైనా?"

"రెండు వేల ఏళ్ల నుంచి జనం కూర్చుంటున్నారంటే, రెండు వేల ఏళ్ల నుంచి మంచి సీటు కోసం కొట్టుకుంటున్నారనే కదా" అన్నారు మాస్టారు, నాలుగో తువ్వాలు మడతపెడుతూ.

ఇంత దూరం వచ్చింది సరదాకే అయినా, ఆ సరదా వెనక ఒక పందెం ఉంది. అత్తగారికి కొన్నేళ్లుగా చెవులు సరిగా వినపడటం లేదు. ఆవిడ మాత్రం ఆ మాట ఒప్పుకోరు. తన చెవులకేం కాలేదని, ఈ కాలం మనుషులే నోరు తెరిచి మాట్లాడటం మానేశారని, ఈ కాలం హాళ్లే సరిగ్గా కట్టడం లేదని ఆవిడ వాదన. డాక్టరు ఇప్పించిన చెవి మిషను పెట్టెలోంచి బయటికి రాలేదు. ఎవరు ఏమన్నా ఆవిడ చిరునవ్వు నవ్వి తలూపుతారు. కాఫీ కావాలా అన్నా తలూపుతారు, కాఫీ అయిపోయింది అన్నా తలూపుతారు. ఈ తలూపుడు చూస్తే మాస్టారికి ఒళ్లు మండిపోతుంది.

అందరికంటే ఎక్కువ బాధ మాత్రం మనవరాలిది. కాలేజీలో చదువుతున్న ఆ పిల్ల బాగా పాడుతుంది. చిన్నప్పుడు మొదటి పాట నేర్పింది అమ్మమ్మే. ఒక్క అక్షరం తేలిపోయినా ఆపి, మళ్లీ పాడించేవారు. పిల్ల గొంతు పదునెక్కేసరికి అమ్మమ్మ చెవులు మొరాయించాయి. ఇప్పుడు మనవరాలు ఎక్కడ పాడినా ఆవిడ మొదటి వరసలో కూర్చుని, తలూపి, పక్కవాళ్లు చప్పట్లు కొట్టగానే తనూ కొడతారు. బాగుందా అమ్మమ్మా అని అడిగితే బ్రహ్మాండం అంటారు. ఆ బ్రహ్మాండం వినేసరికి పిల్ల మొహం చిన్నబోతుంది. ఒకసారి మధ్యలో కావాలని తప్పు పాడి కూడా చూసింది. దానికీ బ్రహ్మాండమే వచ్చింది.

అలాంటి రోజుల్లో టీవీలో ఈ నాటకశాలను చూపించారు. కొండ వాలులో చెక్కిన రాతి మెట్ల వరసలు, కింద వేదిక, వేదిక నడుమ ఒక గుండ్రటి రాయి. ఆ రాయి మీద నిలబడి కాగితం చింపినా చిట్టచివరి మెట్టు దాకా వినిపిస్తుందట. సాయంత్రం తలుపులు మూసేముందు కాసేపు ఎవరైనా ఆ రాయి మీదికి వెళ్లి మాట్లాడొచ్చు, పాడొచ్చు. అత్తగారు అది చూసి వెంటనే పందెం కాశారు. అక్కడ కూర్చున్నా మనవరాలి పాట వినపడకపోతే తను చెవిటిదాన్నని ఒప్పుకుని మిషను పెట్టుకుంటానని, వినపడితే ఇంకెప్పుడూ ఎవరూ ఆ పెట్టె ఎత్తకూడదని. మాస్టారు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం కాబట్టి ఉన్నది ఈ ఒక్క సాయంత్రమే. చెవి మిషను పెట్టె మాస్టారి చేతిసంచిలో ఉంది.

అందరూ మెచ్చుకునేది మధ్య వరస నడుమ అని మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. మాస్టారు పొద్దున్నే అక్కడికి చేరి, నాలుగు తెల్ల తువ్వాళ్లు పరిచారు. గాలికి ఎగిరిపోకుండా వాటి అంచుల్ని రాళ్ల సందుల్లోకి దోపారు. నంబరు చీటీలు పైకి కనిపించేలా సరిచేశారు. నలుగురికీ నాలుగు సీట్లు, అన్నీ ఒకే కొలతలో. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఆ పనితనానికి తనే ముచ్చటపడి, హోటలుకు వచ్చి హాయిగా నిద్రపోయారు.

ఆయన నిద్రపోతున్నప్పుడు జరిగింది ఏమిటంటే, కాపలావాడు అటుగా వచ్చాడు. కొన్ని మెట్ల రాళ్లు కదులుతున్నాయని, వాటిని గుర్తు పెట్టడానికి పైనుంచి నిపుణులు వస్తారని అతనికి వారం నుంచి చెబుతున్నారు. తీరా చూస్తే నాలుగు రాళ్ల మీద తెల్లటి గుడ్డలు, గుడ్డల మీద నంబర్లు. ఇంత పద్ధతిగా, ఇంత శుభ్రంగా పని చేసేవాళ్లు నిపుణులు కాక ఇంకెవరవుతారు? తను టీకి వెళ్లినప్పుడు వచ్చి వెళ్లారన్న సంగతి బయటపడితే మాట పడాలి. అందుకని అతను కిక్కురుమనకుండా నాలుగు వైపులా తాడు కట్టి, పక్కనే నిలబడ్డాడు.

కాసేపటికి ఒక గైడమ్మ యాత్రికుల గుంపుతో వచ్చింది. గుంపులో ఒకరు ఆ గుడ్డలేమిటని అడిగారు. గైడమ్మకు ఆ వృత్తిలో ఎంత అనుభవం ఉందంటే, తెలియదు అనే మాట నోటికి రాదు. పూర్వం నాటకాల పోటీలకు తీర్పు చెప్పే పెద్దలు కూర్చున్న చోటు ఇదేనని, వాళ్లు కూర్చునే ముందు తెల్లని వస్త్రం పరిచేవారని ఆవిడ అక్కడికక్కడే చెప్పేసింది. వెనక గుంపును తెచ్చిన ఇంకో గైడు అది విన్నాడు. అతను ఊరుకుంటాడా? ఆ పెద్దల్లో నలభై నాలుగో ఆయన మహా కఠినుడని, ఆయన తలూపితేనే నాటకం గెలిచినట్టని ఇంకో మెట్టు ఎక్కించాడు. మధ్యాహ్నానికి ఆ తాడు చుట్టూ ఫోటోలు తీసుకునేవాళ్లు బారులు తీరారు. ఎవరో ఆ గుడ్డలకు దండం కూడా పెట్టారు.

జనం గుమిగూడేసరికి అక్కడి ఆఫీసరు వచ్చాడు. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చిన మనిషి. నిపుణులు వస్తున్నట్టు తనకు మాటమాత్రం చెప్పకుండా గుర్తులు పెట్టి వెళ్లారంటే, తనను పక్కన పెట్టారేమోనని అతని గుండెల్లో రాయి పడింది. ఏమీ తెలియనట్టు కనపడకూడదని పై అధికారికి ఫోను చేసి, మీరు అనుకున్నట్టుగానే పని మొదలైందని చెప్పాడు. ఏ పనో పై అధికారికి గుర్తు లేదు. కానీ అడిగితే మర్చిపోయాడని తెలిసిపోతుంది. భేష్, కానివ్వండి అన్నాడు. అంతే, ఆఫీసరు ఇనప గునపాలతో పనివాళ్లను పిలిపించాడు. రాళ్లు కదులుతున్న చోట గుంపును కూర్చోబెట్టడం ప్రమాదమని ఆ సాయంత్రం పాటల కార్యక్రమం కూడా రద్దు చేశాడు.

ఈ సంగతులేవీ తెలియని మన కుటుంబం సాయంత్రం నింపాదిగా వచ్చింది. నాటకశాలకు దారి కొండ పైనుంచి. అంటే గేటు దాటగానే ముందు తగిలేది చిట్టచివరి మెట్టు. అక్కడి నుంచి కిందికి దిగుతూ పోవాలి. అత్తగారు ఆ మెట్ల వైపు ఒకసారి, తన మోకాళ్ల వైపు ఒకసారి చూసుకుని, పై మెట్టు మీదే కూలబడ్డారు. కాస్త ఆయాసం తీరాక దిగుతానని, మీరు పదండని చేత్తో సైగ చేశారు. మనవరాలు మాత్రం ఆగలేక, పాడేవాళ్ల వరసలో నిలబడటానికి నేరుగా వేదిక దగ్గరికి పరిగెత్తింది.

మధ్య వరస చుట్టూ జనాన్ని చూడగానే మాస్టారి మొహం చాటంత అయింది. పొద్దున్నే సీట్లు ఆపకపోయి ఉంటే మన గతి ఏమయ్యేదో చూడమని భార్యతో అన్నారు. తాడు చూసి ఇంకా మురిసిపోయారు. ఒకరు ఆపిన సీటును ఇంత గౌరవంగా కాపాడే దేశాన్ని తను ఎక్కడా చూడలేదన్నారు. అదే ఊపులో తాడు దాటబోతే, కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

మాస్టారికి అక్కడి భాష రాదు. కాపలావాడికి ఈయన భాష రాదు. అవి నా తువ్వాళ్లే అని చెప్పడానికి మాస్టారు చేతులు తిప్పారు, కళ్లు తిప్పారు, తుడుచుకోవడం నటించారు. అతను కదల్లేదు. చివరికి మాస్టారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వెనక్కి తిరిగి, చొక్కా కాలరు పైకెత్తి, లోపల కుట్టిన చీటీ చూపించారు. అదీ అదే రకం గుడ్డ, అదే సిరా. రాతి మీద ఏ నంబరు ఉందో, ఈ మనిషి మెడ మీదా అదే నంబరు ఉంది.

కాపలావాడు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

నిపుణుడు దొరికాడు. రాళ్లకు పెట్టిన గుర్తులే ఒంటి మీద కూడా ధరించి తిరిగేంత నిష్ఠ గల మనిషి. అతను తాడు ఎత్తి పట్టుకుని, మాస్టార్ని దగ్గరుండి ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాడు. సీటు చూపించడానికే ఇంత మర్యాద చేస్తున్నారని మాస్టారు అనుకున్నారు. భార్యకు మాత్రం ఏదో తేడాగా అనిపించి వెనకే నడిచింది.

ఆఫీసరు మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపుతూ గబగబా ఏదో అడిగాడు. మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఏం చేయాలో తోచక చిరునవ్వు నవ్వి తలూపారు. ఈ నాలుగు రాళ్లేనా తీయాల్సింది అన్నది ఆ ప్రశ్న. ఈ రోజే తీసేయాలా అన్నాడు ఆఫీసరు. మాస్టారు ఇంకా నిండుగా తలూపారు. మీరే కింద నిలబడి దగ్గరుండి చెబుతారా అంటే, దానికీ తలూపారు. ఆఫీసరు సంతోషంగా ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెట్లు దింపి, వేదిక నడుమ ఉన్న గుండ్రటి రాయి మీద నిలబెట్టాడు. అక్కడి నుంచి నాలుగు తువ్వాళ్లూ స్పష్టంగా కనిపిస్తాయి. వేదిక పక్కన, ఈ రోజు పాటలు లేవు పొమ్మంటే పోకుండా, కళ్లనిండా నీళ్లతో మనవరాలు నిలబడి ఉంది. వాళ్ల నాన్న వేదిక ఎక్కడం చూసి ఆ నీళ్లు అక్కడే ఆగిపోయాయి.

పైన పనివాళ్లు గునపాలతో వచ్చారు. మెట్లెక్కి వాళ్ల పక్కకు చేరిన ఆఫీసరు, అందరూ నిశ్శబ్దంగా ఉండాలన్నట్టు చెయ్యి పైకెత్తాడు. గైడులు నోళ్లు మూశారు. ఆ కొండ వాలంతా ఊపిరి బిగబట్టింది.

అప్పుడు భార్య ఆయన చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అంది. "ఏమండీ, వాళ్లు మన తువ్వాళ్ల కింద రాళ్లు పీకుతున్నారు. ముందు మా అమ్మ సీటే."

మాస్టారు చూశారు. నిజమే. నలభై నాలుగో నంబరు తువ్వాలు పక్కన గునపం మొన దిగబోతోంది. రెండు వేల ఏళ్లుగా ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్న రాయి. ఆయనకు ముచ్చెమటలు పోశాయి. భయమేస్తే ఆయనకు ముందు ఎవరి మీదైనా నెపం వేయాలనిపిస్తుంది. పెదవి కదిలీ కదలనట్టు, భార్యకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా అన్నారు.

"గట్టిగా మాట్లాడకు, జైల్లో పెడతారు. ఇదంతా మీ అమ్మ కోసం కాదూ? ఆవిడ చెవి పక్కన డప్పు కొట్టినా వినపడదు, ఆవిడకు మధ్య వరస ఎందుకు, చివరి వరస ఎందుకు? ఈ తలూపుడు రోగం కూడా నాకు ఆవిడ నుంచే అంటుకుంది."

ఆయన నిలబడింది ఏ రాయి మీదో ఆయన మర్చిపోయారు. ఆ రాయి మాత్రం తన పని మర్చిపోలేదు. ఆ గుసగుస మెట్టు మెట్టుకూ ఎక్కుకుంటూ, ఒక్క అక్షరం జారకుండా, కొండ పైదాకా వెళ్లింది. మెట్ల మీదున్న వందలాది మంది విన్నారు. వాళ్లలో ఒక్కరికే ఆ భాష వచ్చు.

"డప్పు దాకా ఎందుకు అల్లుడుగారూ?" చిట్టచివరి మెట్టు మీంచి ఒక గొంతు వినిపించింది. వినికిడి తగ్గినవాళ్లు అరిచినట్టు మాట్లాడే గొంతు కాబట్టి అది కిందికి రావడానికి ఏ రాతి సాయమూ అక్కర్లేకపోయింది. "ముందు ఆ తువ్వాళ్లు మీవేనని ఆ బాబుకి చెప్పండి. పాపం, ఆ రాయి ఏం చేసింది మిమ్మల్ని?"

మాస్టారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. భార్య తల్లి వైపు చూసి, భర్త వైపు చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలికి మాత్రం అర్థమైంది ఒక్కటే. అమ్మమ్మకు వినపడింది.

గునపం ఇంకా రాతి సందులోనే ఉంది. మాస్టారికి భాష లేదు, సమయమూ లేదు. వేదిక దూకి, మెట్లెక్కి, కాపలావాణ్ణి తోసుకుని వెళ్లి నలభై నాలుగో తువ్వాలు లాగేశారు. అది తువ్వాలు మాత్రమేనని ప్రపంచానికి ఎలా నిరూపించాలో తోచక, దాంతో మొహం తుడుచుకున్నారు. పెద్దల ఆసనం మీది పవిత్ర వస్త్రంతో చెమట తుడుచుకుంటున్న మనిషిని చూసి జనం నిర్ఘాంతపోయారు. దండం పెట్టిన ఆయనైతే కళ్లు మూసుకున్నాడు. మాస్టారు మెడ కూడా తుడుచుకున్నారు. తర్వాత, అలవాటు ఎక్కడికి పోతుంది, దాన్ని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకున్నారు.

ఈలోగా మనవరాలు పైకి పరిగెత్తి, వచ్చిన ఇంగ్లీషులో ఆఫీసరుకు విషయమంతా విప్పి చెప్పింది. లాండ్రీ షాపు, నంబర్లు, కోటు పోయిన కథ, అమ్మమ్మ పందెం, ఏదీ దాచలేదు. భార్య చేతిసంచి తెరిచి ఇంకో రెండు తువ్వాళ్లు, ఒక దిండు గలీబు, మాస్టారి మేజోళ్లు బయటికి తీసి చూపించింది. అన్నింటి మీదా నంబర్లే. కాపలావాడు ఆ మేజోళ్ల నంబరు చూసి, తను కొట్టిన సెల్యూట్ గుర్తొచ్చి, ఆకాశం వైపు చూడసాగాడు.

ఆఫీసరు మొదట ఎర్రబడ్డాడు, తర్వాత తెల్లబడ్డాడు. ఈ మనిషిని పోలీసులకు అప్పగించాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే, పై అధికారి భేష్ అన్న పని నాలుగు లాండ్రీ తువ్వాళ్లని చెప్పాలి. అతను కాసేపు గడ్డం గోక్కుని, ఒక నిర్ణయానికి వచ్చాడు. రాళ్లను పరీక్షించడం పూర్తయిందని, అవి బ్రహ్మాండంగా ఉన్నాయని, అనుమానం ఉన్నవాళ్లు వచ్చి కూర్చుని చూసుకోవచ్చని జనానికి ప్రకటించాడు. పనివాళ్లు గునపాలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం పాటలు యథావిధిగా ఉంటాయన్నాడు. అంతా అయ్యాక మాస్టార్ని పక్కకు పిలిచి, ఆ పిల్ల చేత చెప్పించాడు, ఇంకెప్పుడూ ఏ దేశంలోనూ పాత రాళ్ల మీద గుడ్డ పరచవద్దని. మాస్టారు తలూపారు. ఈసారి అర్థమయ్యే ఊపారు.

మధ్య వరస ఖాళీ అయింది. కూర్చోండని కాపలావాడు చూపించినా మాస్టారికి ఆ చోటు కేసి చూడటానికే మొహం చెల్లలేదు. భార్యాభర్తలిద్దరూ పైకెక్కి, అత్తగారి పక్కన, ఎవరూ ఆపని చివరి మెట్టు మీద కూర్చున్నారు. అత్తగారు అల్లుడి వైపు చూడకుండా వేదిక చూస్తున్నారు.

మనవరాలు గుండ్రటి రాయి ఎక్కింది. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న మొదటి పాటే ఎత్తుకుంది. ఇంత గొడవ చూసిన జనం ఇంకేం జరుగుతుందోనని మాటలు మానేసి ఉన్నారు కాబట్టి, అక్కడ ఏళ్ల తరబడి లేనంత నిశ్శబ్దం ఆ పిల్లకు దొరికింది. గొంతు మొదట వణికింది, తర్వాత కుదురుకుంది. అత్తగారు తలూపలేదు. కళ్లు మూసుకుని, ఒక వేలితో మోకాలి మీద తాళం వేశారు. తాళం పాటకు సరిగ్గా పడుతోంది. ఆ వేలి వంక చూస్తూ భార్య ఏడ్చేసింది. మాస్టారు నలభై నాలుగో తువ్వాలు మడత విప్పి ఆవిడకు ఇచ్చారు.

పాట అయ్యాక చప్పట్లు మోగాయి. పిల్ల ఎప్పటిలాగే పరిగెత్తుకొచ్చి, అమ్మమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, రొప్పుతూ అడిగింది.

"బాగుందా అమ్మమ్మా?"

అత్తగారు కళ్లు తెరిచారు. "రెండో చరణంలో తొందరపడ్డావు తల్లీ. అక్కడ నేను నీకు నేర్పింది అలా కాదు. ఊపిరి ఆపుకుని, నెమ్మదిగా దించాలి."

పిల్ల భోరుమంది. అన్నేళ్ల బ్రహ్మాండాల తర్వాత దొరికిన మొదటి తప్పు అది. అమ్మమ్మను రెండు చేతులా వాటేసుకుని, ఏడుస్తూనే రెండో చరణం మళ్లీ పాడి వినిపించింది, ఈసారి నెమ్మదిగా. అత్తగారు ఇంకా కుదరలేదన్నారు.

పందెం అత్తగారు గెలిచారు, అందులో అనుమానం లేదు. అది ఆ రాళ్ల గొప్పతనమో, తన గురించి అల్లుడు ఏమంటున్నాడో వినాలనే అత్తగారి ప్రత్యేక శ్రద్ధో డాక్టర్లు తేల్చాలి. ఏదేమైనా మాట మాటే కాబట్టి మాస్టారు చేతిసంచిలోంచి ఆ పెట్టె తీసి, ఇంక దీన్ని ఎత్తనని, ఇంటికెళ్లగానే వాపసు ఇచ్చేస్తానని తలవంచుకుని చెప్పారు.

అత్తగారు చెయ్యి చాచారు. "ఇలా ఇవ్వండి. ఇంటి దగ్గర ఇలాంటి మెట్లు లేవుగా. ఇన్నాళ్లూ ఈ పిల్ల ఇంకెన్ని తప్పులు పాడిందో, అందరూ కలిసి నా దగ్గర ఎన్ని దాచారో."

అక్కడే, ఆ చివరి మెట్టు మీదే, మనవరాలు ఆవిడ చెవికి మిషను అమర్చింది. అత్తగారు అటూ ఇటూ తిరిగి గాలిని విన్నారు, దూరంగా గేటు కిర్రుమనడం విన్నారు, పక్కన అల్లుడు గుటక మింగడం కూడా విని నవ్వారు.

తిరుగు ప్రయాణానికి ముందు గైడమ్మ హోటలు దాకా వచ్చింది. పెద్దల ఆసనం గురించి యాత్రికులు ఇంకా అడుగుతున్నారట, ఒక్క తువ్వాలు ఇప్పిస్తే పుణ్యం ఉంటుందట. మాస్టారు పదకొండో నంబరుది, అంటే తనదే, ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చారు. అది ఇప్పుడు గేటు దగ్గర గాజు పెట్టెలో ఉందని వినికిడి. ఇంటికి చేరాక మనవరాలి పాట రోజూ ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది, చరణం చరణానికీ తప్పులు దొరుకుతున్నాయి, పిల్ల మొహం వెలిగిపోతోంది.

మడత మాస్టారు మాత్రం భార్యతో ఏదైనా రహస్యం చెప్పాలంటే, ఆవిడను షాపుకు పిలిచి, బట్టలుతికే మిషన్లన్నీ వేశాకే నోరు విప్పుతున్నారు.